పైన అద్దం, వెనక ఖాళీ

"జర డిక్కీ తెరువు పెద్దనాయినా!"

గొడవంతా ఆ ఒక్క మాటతో మొదలైంది.

శనివారం పొద్దున బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి ముందు ఆరు కొత్త కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. బంతిపూల దండలు, బానెట్ల మీద పసుపు కుంకుమలు, చక్రాల కింద నిమ్మకాయలు. గద్వాలలో కొన్నా, వనపర్తిలో కొన్నా కొత్త బండి ముందుగా ఇక్కడికి రావాల్సిందే. అందులో ఒక కారు వెంట షోరూమ్ తరఫున స్వీటు డబ్బా పట్టుకుని వచ్చింది మనీషా. వనపర్తి షోరూమ్‌లో ఆమె సేల్స్ ఎగ్జిక్యూటివ్. కారు పేరు మిహిర, టాప్ మోడల్. కొన్నది బల్మూరు వేరుశనగ రైతు బాలస్వామి.

డిక్కీ తెరవమన్నవాడు మాత్రం ఎవరో ఆమెకు తెలియదు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మైకు. చొక్కా మీద గ్రీజు మరక.

బాలస్వామి సంబరంగా డిక్కీ తెరిచాడు. ఫోను మనిషి వంగి లోపలి పట్టా ఎత్తాడు. కింద ఒక నల్ల డబ్బా, పక్కన ఒక సీసా.

"స్టెప్నీ ఏది?"

బాలస్వామి మనీషా వైపు చూశాడు. మిగతా అయిదు కార్ల వాళ్ళూ చూశారు. ఫోను కెమెరా కూడా ఆమె వైపు తిరిగింది.

"టాప్ మోడల్‌లో స్టెప్నీ రాదండీ. బదులుగా పంక్చర్ కిట్ ఇస్తున్నాం. ఇంటర్నేషనల్ స్టాండర్డ్," అంది షోరూమ్ తెలుగులో.

"ఇంటర్నేషనల్ రోడ్లు గూడ ఇస్తున్రా మేడం?"

అందరూ గొల్లుమన్నారు.

"సన్‌రూఫ్ ఇచ్చాం కదా!"

"మన దిక్కు ఏప్రిల్ నెలల కప్పు కింద కూసున్నా తట్టుకుంటలేం. గా కప్పుకే బొక్క పెట్టిన్రు. దానికి లక్షన్నర ఎక్కువ గుంజిన్రు. ఉన్న టైరు పీకిన్రు. గిది డిజైన్ చేసినాయన ఏసీ రూమ్ దాటి ఎన్నడన్న బయటికొచ్చిండా?"

"అమ్మా, స్టెప్నీ రాదని నువ్వు నాకు చెప్పలే గదా?" అన్నాడు బాలస్వామి మెల్లగా.

ఆయన అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. ఆ సమాధానం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

*

సాయంత్రానికి వీడియో వచ్చేసింది. 'పైన అద్దం, వెనక ఖాళీ.' ఛానల్ పేరు దానియేలు డిక్కీ. గద్వాలలో మెకానిక్‌ట. చూసేవాళ్ళు లక్ష మందికి పైనే.

మంగళవారానికి ఏడు బుకింగ్‌లు రద్దయ్యాయి.

"నెలాఖరుకు ఆ ఏడూ తిరిగి రావాలి," అన్నాడు మేనేజర్ శివకుమార్, కంప్యూటర్ మీంచి కళ్ళెత్తకుండా. "రాకపోతే ఒకటో తారీకు నువ్వు కూడా రావద్దు."

పెబ్బేరులో ఇంటికి వెళ్ళేసరికి తండ్రి ఆశీర్వాదం మంచం మీద కూర్చుని అదే వీడియో చూస్తూ నవ్వుతున్నాడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి.

"పోరడు కరెక్ట్ చెప్పిండు బిడ్డా."

"నాయినా, అండ్ల ఉన్నది నేను!"

"కనవడుతున్నవ్. జర కోపంగున్నవ్ గని మంచిగనే పడ్డవ్."

మర్నాడు పొద్దున మనీషా స్కూటీ గద్వాల వైపు కృష్ణ వంతెన దాటింది.

*

గ్యారేజ్‌లో ఒక పాత కారు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి.

"దానియేలు అంటే నువ్వేనా?"

"కాళ్ళ వరకు నేనే. మిగతాది రెండు నిమిషాల్ల వస్తది."

"నా ఉద్యోగం ఊడగొట్టి జోకులేస్తున్నవా?"

కాళ్ళు ఆగిపోయాయి. మనిషి బయటికి జారాడు. ముక్కు మీద నూనె చుక్క. ఎదురుగా నిలబడ్డది షోరూమ్ మేడం కాదనీ, కళ్ళల్లో నీళ్ళు ఆపుకుంటూ గదమాయిస్తున్న అమ్మాయి అనీ అతనికి అప్పుడు అర్థమైంది.

"బండిల ఒక్క తప్పు చూసినవ్. మిగతాది చూసినవా?" అంది మనీషా. "బ్రేకులు చూసినవా? ఏసీ చూసినవా? ఆరు ఎయిర్‌బ్యాగులు! జనం షోరూమ్‌కొచ్చి డోరు ధడేల్మని ఏసి, సప్పుడు గట్టిగొస్తే బండి గట్టిది అంటరు. నువ్వు గూడ గంతే. డిక్కీ చూసి బండి జాతకం చెప్తున్నవ్. డెమో కారు తెస్త. ఒక్కరోజు నడుపు. తప్పు దొరకకపోతే ఆ మాటే వీడియోల చెప్పాలె."

"దొరికితే?"

"దొరకదు."

"బండి మీది. తొవ్వ నాది, లోడు నాది."

"ఒప్పుకున్న."

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక బయలుదేరారు. స్టీరింగ్ దగ్గర దానియేలు, పక్క సీట్లో మనీషా. లోడు అంటే ఇసుక బస్తాలనుకుంది మనీషా. తీరా చూస్తే వెనక సీట్లో దానియేలు తల్లి బాలమ్మ, ఆమెతోపాటు విత్తనపత్తి చేన్లలో క్రాసింగ్ పనికి వెళ్ళే మరో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో మూడు సద్ది మూటలు. బల్మూరులో బాలమ్మ చెల్లెలింటికి ప్రయాణం.

"బిడ్డా, సీటు మెత్తగున్నది గని మోకాళ్ళు ముంగటికి తాకుతున్నయ్," అంది బాలమ్మ పెబ్బేరు దాటకముందే.

"రాసుకున్న అమ్మా," అన్నాడు దానియేలు. మనీషా పళ్ళు కొరికింది.

అయితే వనపర్తి వచ్చేసరికి అతను ఏసీ గాలి వచ్చే జాలీకి ఒక ఎర్ర దారం ముక్క కట్టాడు. నాగర్‌కర్నూల్ దారిలో గేదె అడ్డమొస్తే కారు గీత గీసినట్టు ఆగింది. స్టీరింగ్‌కి ఇంకో దారం పడింది. గుంతల్లో నడుములు కదల్లేదని ముగ్గురు ఆడవాళ్ళూ ఒప్పుకున్నాక గేరు రాడ్‌కి మూడోది.

"ఏందీ దారాలు?"

జవాబు బాలమ్మ చెప్పింది. "మేం విత్తనపత్తి చేన్ల పుప్పొడి అంటించిన పువ్వుకు దారం కడతం బిడ్డా. కట్టినంక దాన్ని ఇంకెవ్వరు ముట్టరు. ఇగ అది కాయ అయితదని గుర్తు. మా పోరడు చిన్నగున్నప్పుడు నా వెంట తిరిగి గది పట్టుకున్నడు. ఏది మంచిగుంటే దానికి కడతడు."

మనీషా దారాలు లెక్కపెట్టుకుంది. మూడు. తలెత్తితే అతని కళ్ళు తనవైపే ఉన్నాయి. చప్పున రోడ్డు వైపు చూసింది.

బల్మూరు ఇంకో అర కిలోమీటరు ఉందనగా మట్టిబాటలో పక్కకు తేలిన బండరాయి ఎడమ టైరు పక్కభాగాన్ని చీల్చేసింది.

దానియేలు కిట్ తీశాడు. సీసాలోని తెల్లటి నురగ టైరులోకి ఎక్కినట్టే ఎక్కి, చీలికలోంచి పాలపొంగులా బయటికి వచ్చేసింది. రెండోసారీ అంతే.

"ముల్లు గుచ్చితే పనిచేస్తది. పక్కకు కోస్తే చేయదు," అన్నాడు. ఆ గొంతులో గెలిచిన ధ్వని లేదు.

ఆడవాళ్ళు ముగ్గురూ మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి నడిచారు. నాగర్‌కర్నూల్ నుంచి చక్రం తేవడానికి అతని స్నేహితుడు ప్రదీప్ బయలుదేరాడు. గంటన్నర పడుతుందన్నాడు. అంతలో వాన అందుకుంది.

ఇద్దరూ కార్లో కూర్చున్నారు. నెత్తి మీద అద్దంపై చినుకులు పడి, చెదిరి, పాయలై పారుతున్నాయి. ఎవరు ముందు తల ఎత్తారో గానీ ఇద్దరూ సీట్లు వెనక్కి వాల్చి అదే చూస్తున్నారు.

"ఇది మాత్రం మంచిగున్నది," అన్నాడు దానియేలు చివరికి.

"దారం కట్టు మరి."

"ఏడాదిల ఇసొంటి గంట ఒక్కటే వస్తది మేడం."

"మేడం అనకు. నా పేరు మనీషా." కాసేపు ఆగి అంది. "నువ్వు గెలిచినవ్. వీడియో పెట్టు. నెలాఖరు దాక జీతమైతే ఇస్తరు."

అతను చేతిలో మిగిలిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు.

*

గురువారం వీడియో వచ్చింది. ఏసీ ఉంది. గేదె ముందు బ్రేకు ఉంది. బాలమ్మ నవ్వు ఉంది. 'మిహిర గట్టి బండి' అన్న మాట ఉంది. బల్మూరు బాట లేదు.

శనివారానికి ఏడులో అయిదు బుకింగ్‌లు తిరిగొచ్చాయి. శివకుమార్ షోరూమ్ అంతా లడ్డూలు పంచాడు. మనీషా లడ్డూ చేతిలోనే పట్టుకుని ఇంటికొచ్చింది. గడపలో ఆశీర్వాదం కొత్త చొక్కా తొడుక్కుని నిలబడి ఉన్నాడు.

"సోమవారం నేనే వస్త బిడ్డా మీ షోరూమ్‌కు. రిటైరైనప్పటి సంది ఆగిన. టాప్ మోడలే రాయి."

"స్టెప్నీ లేదని నువ్వే నవ్వినవ్ గద నాయినా!"

"ఆ పోరడే గట్టి బండి అన్నడు గదనే. ఆయన అన్నడంటే కిట్టే సాలుతదన్నట్టు."

మనీషా లడ్డూ కింద పెట్టింది. స్కూటీ తాళం తీసుకుంది.

*

"ఎందుకు కోసినవ్?"

దానియేలు ఈసారి బానెట్ వెనక దాక్కునే ప్రయత్నం చేశాడు. కుదరలేదు.

"నీ ఉద్యోగం పోతది గద."

"నా ఉద్యోగం పోతే నీకేంది?"

చాలాసేపు పానా తుడిచాడు. అప్పటికే అది మెరుస్తోంది.

"నువ్వు ఆడ లేకపోతే... నాకు వనపర్తికి రానీకె సాకు ఉండదు."

మనీషా కోపం ఒక్క క్షణం దారి తప్పింది. దాన్ని పట్టి మళ్ళీ దారికి తెచ్చుకుంది.

"నా కోసం అబద్ధం చెప్పే మనిషి నాకొద్దు దానియేలు! నీ మాట నమ్మేటోళ్ళల్ల మా నాయిన గూడ ఉన్నడు. సోమవారం టాప్ మోడల్ బుక్ చేస్తడట. రేపు ఏ బాటలనో సీసా పట్టుకుని నిలబడితే ఎవరిని తిట్టాలె? బిడ్డనా, నిన్నా?"

అతను పానా కింద పెట్టాడు. "కోసిన ముక్క ఫోన్లనే ఉంది. ఇప్పుడే పెడత."

"అదొక్కటి సాలదు. ఫోను పట్టు. నేను మాట్లాడత."

గ్యారేజ్ గోడ ముందు నిలబడి చున్నీ సర్దుకుంది. షోరూమ్ తెలుగు ఆ రోజు ఆమెకు గుర్తుకే రాలేదు.

"నా పేరు మనీషా. మిహిర కార్లు అమ్మేది నేనే. బాలస్వామి పెద్దనాయినకు స్టెప్నీ ఉండదని నేను చెప్పలే. అడగలేదని చెప్పలే. తప్పు నాది. బండి మంచిది. బ్రేకులు, ఏసీ, అన్నీ మంచియి. గని మట్టిబాటల తిరిగేటోళ్ళు టాప్ మోడల్ తీసుకోకుండ్రి. మధ్య మోడల్ తీసుకోండ్రి. దానికి పైన అద్దం లేదు, వెనక టైరున్నది. ధర గూడ లక్షన్నర తక్కువ. కంపెనీ వాళ్ళు గీ వీడియో చూస్తే జర ఆలోచించుండ్రి. మా రోడ్లకు ఏం కావాల్నో మమ్మల్ని అడిగి బండి చేయుండ్రి."

దానియేలు ఫోను దించాడు.

"పెట్టాల్నా?"

"పెట్టు. నేను చూస్తుండంగనే పెట్టు."

*

శివకుమార్ ఫోను అరగంటలో వచ్చింది. ఆయన అరిచిన అరుపులో చివరి మాట ఒక్కటే స్పష్టంగా వినబడింది. "రేపట్నుంచి రాకు!"

ఆదివారం, సోమవారం మనీషా ఇంట్లోనే ఉంది. ఆశీర్వాదం కొత్త చొక్కా విప్పేసి, కూతురి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లాడు. "ముప్పై ఏండ్లు స్టెప్నీ లేకుండ డిపో దాటలే బిడ్డా. నువ్వు నా పరువు నిలవెట్టినవ్," అన్నాడు.

మంగళవారం మళ్ళీ శివకుమార్ నుంచే ఫోను. గొంతు మారింది.

"అమ్మా మనీషా, పొద్దట్నుంచి తొమ్మిది మంది వచ్చిన్రు. వీడియోల పిల్ల ఏది, ఆమె చెప్తెనే కొంటం అంటున్నరు. నేను మోడళ్ళు చెప్తుంటే ఒక్కడు ఇంటలేడు. అందరికీ మధ్య మోడలే కావాల్నంట. నువ్వు జర వస్తవా?"

"వస్త సార్. ముందు బాలస్వామి పెద్దనాయినకు షోరూమ్ తరఫున స్టెప్నీ పంపియ్యాలె."

అటువైపు పెద్ద నిట్టూర్పు. "పంపిస్త. రా తల్లీ."

*

దసరాకు ముందు ఆశీర్వాదం కారు వచ్చింది. మధ్య మోడల్. తెలుపు. పాస్టరు గారు బానెట్ మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాక దానియేలు పని మొదలుపెట్టాడు. కొడుకు వెంట బాలమ్మ కూడా వచ్చింది. చుట్టూ తిరిగాడు, కిందికి దూరాడు, లేచాడు. బ్రేకుకు దారం. ఏసీకి దారం. డిక్కీ తెరిచి, పట్టా ఎత్తి, స్టెప్నీని ప్రేమగా ఒకసారి తట్టి దానికీ దారం కట్టాడు.

"అయిపోయిందా?" అన్నాడు ఆశీర్వాదం.

"అయిపోయింది పెద్దనాయినా. బండి మంచిగున్నది."

"చేతిల ఇంకో దారం మిగిలింది గదరా."

దానియేలు చేతి వైపు చూసుకున్నాడు. మనీషా వైపు చూశాడు. తల దించుకున్నాడు. లక్ష మంది ముందు గలగలా మాట్లాడేవాడు ఆ దారాన్ని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"మీ నాయిన ముంగట అడగనీకె భయమైతుందట," అంది బాలమ్మ నవ్వుతూ.

ఆశీర్వాదం కొత్త కారు తలుపు తీసి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అద్దం దించాడు. "నేను రిటైరైన డ్రైవర్‌ను. ముంగట రోడ్డే చూస్త, పక్కకు చూడ. మీ ఇష్టం," అన్నాడు. హారన్ ఒకసారి మోగించాడు.

మనీషా రెండడుగులు ముందుకు వేసింది.

"అన్నీ చూసినవా? మంచిగ చెక్ చేసినవా?"

"చూసిన."

"తప్పులేం దొరకలేదా?"

"కోపం జర ఎక్కువ." అప్పుడు నవ్వాడు. "అది లేకపోతే నేను అబద్ధాలకోరుగనే ఉండేటోణ్ణి."

ఆమె చెయ్యి చాచింది. అతను ఆ ఎర్ర దారాన్ని మణికట్టుకు చుట్టి ముడి వేశాడు. ఆ చివరి ముడికి వేళ్ళు తడబడ్డాయి. బాలమ్మ వచ్చి, చేనులో వెయ్యి పూలకు వేసిన అలవాటు చేతితో, దాన్ని బిగించింది.