సగంలో ఆపిన మాట

మా బడికి స్మార్ట్ బోర్డు వచ్చిన రోజు ప్రిన్సిపాల్ గారు దాని పక్కన నిలబడి ఫొటో దిగారు. దాన్ని ఆన్ చేయడం ఆయనకు ఇప్పటికీ రాదు. అయినా బోధన గురించి మాకు గంటసేపు ఊదరగొట్టారు.

"ఇక మీరు గొంతు చించుకోనక్కర్లేదు మేడమ్. ఒక్కసారి రికార్డు చేస్తే అన్ని సెక్షన్లకీ అదే వేసేస్తాం," అన్నారు నాతో.

ఆయన వెనకే టెక్నాలజీ సారు. నిరుటి దాకా ఇంటింటికీ తిరిగి నీళ్ల ఫిల్టర్లు అమ్మిన మనిషి, ఇప్పుడు పాఠం ఎలా చెప్పాలో మాకు నేర్పుతాడు. నేను సైన్సు టీచర్ని. పిల్లలు చాటుగా నన్ను సుత్తి మేడమ్ అంటారు. అననీ. కొట్టిన సుత్తేదో పిల్లల మొహాలు చూస్తూ కొట్టాను, కెమెరాకి కాదు.

రికార్డింగుకి పాత ల్యాబ్ ఇచ్చారు. బయటి చప్పుడు రాకుండా కిటికీలకు నల్లగుడ్డ కొట్టేశారు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. గోడల్లోకి ఇంకిపోయిన యాసిడ్ వాసన, దాని మీద తడిసి ముక్కిన గుడ్డ వాసన. నా మొహం మీద ఒక లైటు, ఎదురుగా కెమెరా, దాని వెనక ఏమీ కనిపించని నలుపు. ఖాళీ గదికి పాఠం చెప్పడమంత వెధవపని ఇంకోటి ఉండదు.

టీచర్లకు ఒక అలవాటుంటుంది. మాటను సగంలో ఆపి, మిగతా సగం క్లాసుకి వదిలేస్తాం. "మొక్కలు ఆహారం తయారు చేసుకోవడాన్ని ఏమంటాం? కిరణజన్య..." అని ఆగితే, పిల్లలంతా "సంయోగక్రియ" అని అరవాలి. ఎదురుగా పురుగు కూడా లేకపోయినా నేను అలాగే ఆగుతూ పాఠమంతా చెప్పాను.

తర్వాత వేసి చూస్తే, నేను ఆగిన ప్రతిచోటా ఊపిరి చప్పుడు. ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు.

"ఇదేంటయ్యా?"

"మీ ఊపిరే మేడమ్. మైకు మంచిది, అన్నీ పట్టేస్తుంది."

"నా ఊపిరి నాకు తెలీదా?"

నవ్వాడు. తెలియనిదానికల్లా ఆయన దగ్గర అదే నవ్వు.

ముందు 'ఏ' సెక్షన్‌లో వేశారు. తెరలు దించి, పిల్లలు గొడవ చేయకుండా నన్ను వెనక బల్ల మీద కాపలా కూర్చోబెట్టారు. బోర్డులోని నేను "కిరణజన్య..." అని ఆగాను. పిల్లలు పైకప్పు ఎగిరేలా అరిచారు. రెండోసారి కాస్త తగ్గింది. చివరికి వచ్చేసరికి ఒక్కరూ నోరు మెదపలేదు. కళ్లు మాత్రం బోర్డు మీదే ఉన్నాయి.

మర్నాడు అదే వీడియో బీ సెక్షన్‌లో వేశారు. బోర్డులోని నేను ఆగాను. అక్కడి పిల్లలు నోరు తెరిచేలోపే బోర్డు లోపలి నుంచి జవాబు వచ్చింది. 'ఏ' సెక్షన్ గొంతులు. వాటిలో, ఆ క్లాసులో మేం వాగుడుకాయ అని పిలిచే పిల్ల గొంతు పైకి తేలి వినిపించింది. ఆ పిల్ల గొంతు నాకు నిద్రలో కూడా తెలుసు.

పరుగున 'ఏ' సెక్షన్‌కి వెళ్లాను. వాగుడుకాయ మొదటి బల్ల మీద బుద్ధిగా కూర్చుని ఉంది. "నీ పేరు చెప్పు," అన్నాను. పెదాలు కదిలాయి... అంతే. గాలి కూడా రాలేదు.

ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి చెప్పాను. ఆయన టెక్నాలజీ సారు ఇచ్చిన రంగురంగుల గ్రాఫు గీతలు చూస్తూ మురిసిపోతున్నారు.

"క్లాసులు ఎంత క్రమశిక్షణగా ఉన్నాయో చూశారా? గొంతు సంగతంటారా, చలికాలం మేడమ్, పట్టేస్తుంది. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?"

తల్లిదండ్రులైనా అడుగుతారనుకున్నాను. ఇంట్లో అల్లరి తగ్గిందని సంబరపడ్డారు తప్ప, తలెత్తి పిల్లల మొహం చూసినవాళ్లు లేరు. వాళ్ల చేతుల్లోనూ ఫోన్లే కదా.

నా కూతురు సీ సెక్షన్. చిట్టి అంటాం. క్లాసంతా జవాబు చెప్పేశాక చివర్లో తన ముక్క విడిగా అతికించడం దాని అలవాటు. సీ సెక్షన్‌లో వీడియో వేసే రోజు దాన్ని బడికి పంపలేదు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

సాయంత్రం వంటింట్లో ఉండగా, పక్కగదిలోంచి నా గొంతే నాకు వినిపించింది. "కిరణజన్య..."

గరిటె వదిలేసి పరుగెత్తాను. టాబ్లెట్ ముందు చిట్టి. క్లాసుకి రానివాళ్లకి అదే పాఠం హోంవర్కుగా పంపారట. చూడకపోతే పేరు పక్కన ఎర్రగుర్తు పడుతుందట. టాబ్లెట్‌లో పిల్లలందరూ జవాబు చెప్పారు. అంతా అయ్యాక, ఒక్క చిన్న గొంతు, చివర్లో, విడిగా... "సంయోగక్రియ."

నా ఎదురుగా కూర్చున్న చిట్టి నోరు తెరిచే ఉంది. ఏడుస్తోంది. చప్పుడు లేదు.

గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. టెక్నాలజీ సారు దగ్గరికి వెళితే, "వీడియోలోనే ఏదో తేడా ఉంది మేడమ్, డిలీట్ చేసేయమంటారా?" అన్నాడు. వద్దని ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా జన్మలో అలాంటివాణ్ని బతిమాలతానని అనుకోలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఊడిన నాలుకలన్నీ ఆ డబ్బాలో ఉన్నాయి, దాని తాళం ఈ ఫిల్టర్ల మనిషి చేతిలో ఉంది.

అందుకే ఇప్పుడు రోజూ బడి వదిలాక ఆ ల్యాబ్‌లో నేనే కెమెరా పెట్టుకుంటున్నాను. పాఠం చెప్పను. "చిట్టీ, బాగున్నావా?" అని ఆగుతాను. "భయంగా ఉందా?" అని ఆగుతాను. తర్వాత వేసుకుని వింటాను. అది జవాబు చెబుతుంది. బాగానే ఉన్నానంటుంది, ఇక్కడ చీకటంటుంది. ఇంటికి ఎలా రావాలో తెలియడం లేదంటుంది. అది విని ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికి వెళతాను.

నిన్న కూడా అలాగే అడిగాను. "చిట్టీ, అమ్మని, వింటున్నావా..."

వేసుకుని విన్నాను. జవాబు లేదు. మొదట బల్లలు జరిగిన చప్పుడు. అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డట్టు. తర్వాత మూడు సెక్షన్ల పిల్లలూ కలిసి, ఎవరో పెద్దవాళ్లు క్లాసులోకి వస్తే సాగదీసి చెబుతారే, అలా...

"గుడ్ మార్నింగ్ సార్..."

మళ్లీ బల్లల చప్పుడు, అందరూ కూర్చున్నారు. తర్వాత, మొదటి రికార్డింగులో విన్న అదే ఊపిరి చప్పుడు. అప్పుడు, మైకుకి బాగా దగ్గరగా, చిట్టి గుసగుస.

"అమ్మా... ఇక మాట్లాడకు. ఎవరు మాట్లాడుతున్నారని సార్ అడుగుతున్నారు."