పక్కన పెట్టిన జాగా

జీపు వెంటే వస్తోంది!

వాన. బూర్గంపాడు సెంటర్లో అప్పుడే చీకటి పడుతోంది. మరియ వెనక్కి చూడకుండా పరుగెత్తుతోంది. హెడ్‌లైట్ల వెలుగు వీపు మీద పడుతోంది...

తన కంప్యూటర్ సెంటర్. షట్టర్ ఎత్తింది. దూరింది. దించింది.

బయట బ్రేకు చప్పుడు.

వచ్చింది కాంట్రాక్టర్ వెంకటప్పయ్య. అడవిలోంచి దొంగ టేకు తోలే లారీలు ఆయనవే. ఆ లారీలను ఫొటోలు తీసిన ఫారెస్టు గార్డు స్తెఫను ఎండాకాలంలో లారీ కింద నలిగిపోయాడు. యాక్సిడెంటు అని రాశారు.

స్తెఫను మరియకు సొంత అన్న.

ఫొటోలు ఆమె కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి. కానీ అవి టేకు దొంగను చూపిస్తాయి. హంతకుణ్ణి చూపించవు. ఆ మాట వాడి నోటినుంచే రావాలి.

షట్టర్ దడదడ!

మెషీన్ ఆన్‌లోనే ఉంది. రికార్డర్ నొక్కింది. మైకును కీబోర్డు కవరు కిందికి తోసింది. తెర ఆర్పేసి, మానిటర్ మీద పూల గుడ్డ కప్పింది. ఇక చూసేవాళ్లకు అది పడుకున్న కంప్యూటరే.

బల్ల కింద ఉన్న సీపీయూ పెట్టెకు మాత్రం చిన్న ఎర్ర లైటు. డిస్కు పని చేస్తే మిణుకుమంటుంది.

ఒక్కటే భయం.

డిస్కు మీదికి పోయే ప్రతిదాన్నీ తారుమారు చేసి తాళం వేసే డ్రైవర్ ప్రోగ్రాం ఆమే రాసింది. పాస్‌వర్డ్ లేకపోతే ఆ డిస్కు ఎవడికీ పనికిరాదు. కానీ తాళం వేయడానికి డ్రైవర్‌కు మెమరీలో కాస్త జాగా కావాలి. రికార్డయ్యే మాటలతో ఆ మెమరీ నిండిపోతే? ఖాళీ చేయాలంటే డిస్కుకు రాయాలి. రాయాలంటే జాగా కావాలి. గది ఖాళీ చేయడానికి గోనెసంచి కావాలి... ఆ సంచేమో నిండిన గదిలో అడుగున ఉంది!

రెండుసార్లు మెషీన్ అలాగే బిగుసుకుపోయింది. అందులో ఉన్నదంతా పోయింది.

మొన్ననే సరిచేసింది. విత్తనాల వడ్లు ముందే తీసిపెట్టినట్టు, మెషీన్ ఆన్ కాగానే డ్రైవర్ తన జాగా పక్కన పెట్టుకునేలా తిరగరాసింది. మెమరీ నిండా నింపి చూడటానికి మాత్రం తీరిక దొరకలేదు.

షట్టర్ లేచింది. వెంకటప్పయ్య. చేతిలో పిస్తోలు. కాళ్లకు బురద బూట్లు.

"బూట్లు బయట విడువు" అంది మరియ.

ఆయన నవ్వాడు. బూట్లతోనే లోపలికొచ్చాడు. ఫొటోలు చెరిపేయమన్నాడు. డబ్బిస్తానన్నాడు. సెంటర్ తగలబెడతానన్నాడు. ఆమె బల్ల ముందు నుంచి కదల్లేదు.

"మా అన్నను ఎవరు చంపిండ్రు? అది చెప్పు. అప్పుడు చూద్దాం."

"లారీ."

"లారీ తోలింది ఎవరు? నీ డ్రైవర్ జంపయ్యనా? నీకు గంత ధైర్యం యాడిది?"

ఆయన మొహం నల్లబడింది.

"జంపయ్య చేతులు వణికినయ్" అన్నాడు మెల్లగా. "దింపేసి నేనే తోలిన. ఒకసారి కాదు, వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కిచ్చిన. ఏం చేస్తవ్?"

మరియకు ఏడుపు ముంచుకొచ్చింది. మింగేసింది.

అప్పుడే కింద ఎర్ర లైటు వెలిగింది. మెమరీ నిండింది!

మిణుకుమనడం లేదు... అలాగే నిలిచిపోయింది.

బిగుసుకుపోయిందా?

అన్న చావు మాట ఆ పెట్టెలో ఇరుక్కుంది.

మిణుకు.

మళ్లీ మిణుకు. మిణుకు మిణుకు మిణుకు!

డ్రైవర్ ప్రోగ్రాం తన జాగాలోంచే పని చేసుకుంటోంది. మరియ తలెత్తింది.

"చెరపను" అంది. "ఏం చేసుకుంటవో చేసుకో. తాళం నాది."

"తాళంతోని నాకేం పని?"

పిస్తోలు లేచింది. ఆమె కళ్లు మూసుకోలేదు.

ఢాం!

పూల గుడ్డ ఎగిరిపడింది. మానిటర్ గాజు నేలంతా చిందింది. పొగ.

"పోయినయ్ నీ ఫొటోలు" అన్నాడు వెంకటప్పయ్య. "ఇగ నా మీద కేసు గూడ ఉండదు." మరియ గాజుముక్కల వైపు చూసి తల దించుకుంది. అది చూసి తృప్తిగా బయటికి నడిచాడు.

జీపు వెళ్లిపోయింది.

ఆయన కాల్చింది టీవీ లాంటి డబ్బాను. అసలు కంప్యూటర్, బల్ల కిందే ఉంది.

మరియ కీబోర్డు కవరు తీసింది. తెర లేదు. అయినా సేవ్ చేసే మీటలు వేళ్లకు తెలుసు. నొక్కింది. ఎర్ర లైటు గబగబా మిణుకుమని ఆరింది.

"నిన్ను చంపిన సంగతి వాడి నోటితోనే రికార్డయిందన్నా" అంది. అప్పుడు ఏడ్చింది.