గణపతిరావు హోటల్లో అట్టు వాసన

చోడవరంలో పొద్దుగూకేక ఎవరూ నడవని గోడవార ఒకటుండేది. సంతబయలు దాటగానే, రావికమతం బళ్ళు ఊళ్ళోకి దిగే చోట... గణపతిరావు కాఫీ హోటలు. దాని ముందునుంచి వెళ్ళాల్సొస్తే మగాళ్ళు కూడా రోడ్డుకి అవతలి అంచు పట్టుకుని, తల తిప్పకుండా, ఏదో ఒక పాట అందుకుని పోయేవారు. పాట మధ్యలో గొంతు వణికితే దగ్గొచ్చినట్టు నటించేవారు. మా ఊరి మగాళ్ళ ధైర్యం అంతటిది మరి.

గణపతిరావు బతికున్న రోజుల్లో ఆ హోటలు దర్జాయే వేరు. రాతి బల్లలు, ఇత్తడి గ్లాసులు, గుమ్మంలో బుసకొట్టే రాగి బాయిలరు. "పెసరట్టొకటీ..." అని సప్లయరు కేకేస్తే సంతలో బేరాలాడుకునేవాళ్ళకి నోరూరిపోయేది. అల్లం ముక్కలు, పచ్చిమిరపకాయల తరుగు, పైన చెంచాడు నెయ్యి... సరే, ఇప్పుడవన్నీ తలుచుకుని ఏం లాభం. ఒకరోజు పొద్దున్నే ఆయన పెనం ముందే కూలిపోయేడు. హోటలు మూతపడింది. పిల్లల్లేరు. భార్య రాజ్యం వెనకింట్లోనే ఉంటోందో, తమ్ముడి ఊరికి వెళ్ళిపోయిందో ఎవరూ కనుక్కోలేదు.

ఆ తర్వాత మొదలైంది.

సంతరోజున, దీపాలు పెట్టేవేళ దాటేక, ఆ మూసిన తలుపుల వెనక... చుయ్‌మని పెనం మీద పిండి పడిన చప్పుడు. గ్లాసుకి గ్లాసు తగిలిన చప్పుడు. సన్నగా ఆడగొంతులు — మాటలు తెలీవు, గుసగుస మాత్రం తెలుస్తుంది. దానిమీద అట్టు వాసన. కమ్మటి పెసరట్టు వాసన, చచ్చిపోయినవాడి హోటల్లోంచి. గణపతిరావు పోయినా పెనం వదల్లేదనుకున్నారు జనం.

ఒక ఏడు సంక్రాంతి వెళ్ళేక ఒకడు తాగిన మైకంలో కిటికీ సందులోంచి తొంగిచూసేడు. తెల్లచీర ముసుగేసుకున్న ఆకారం ఒకటి దీపం పట్టుకుని గదికి అడ్డంగా వెళ్ళిందట. మూలబల్ల దగ్గర ఇంకో ఆడది... వీపు ఇటు పెట్టి, ఒక్కర్తీ, విస్తరి ముందు కూర్చునుందట. వాడు ఇంటికెళ్ళి మంచం ఎక్కినవాడు వారం దాకా దిగలేదు.

ఆ కబురు విని ఊరంతా వణికితే, బంగార్రాజు ఒక్కడికి ప్రాణం లేచొచ్చింది.

బంగార్రాజు రావికమతం దగ్గర పల్లెలో చెరకు రైతు. అతని పెళ్ళాం నూకరత్నం ధనుర్మాసంలో కామెర్లొచ్చి పోయింది. బతికున్నన్నాళ్ళూ ఇద్దరూ బెల్లం బండి మీద కలిసే సంతకొచ్చేవారు. బండి ఆ హోటలు పెరటిసందు దగ్గర నిలిపి, బంగార్రాజు లోపలికెళ్ళి కూర్చుని, వేడివేడిగా తిని, కాఫీ తాగి, మీసం తుడుచుకుంటూ వచ్చేవాడు. ఆవిడ బండిలోనే. ఆవిడకి పొట్లం. ఆకు విప్పేసరికి అట్టు చల్లారి, చెమటపట్టి, ముద్దయిపోయేది.

అప్పట్లో రైతులిళ్ళ ఆడవాళ్ళు హోటల్లో కూర్చోడం ఎక్కడుంది? 'ఓటేలు మరిగింది' అన్న మాట పడితే ఆడదానికి ఇంకో తిట్టు అక్కర్లేదు. నూకరత్నం మాత్రం బండి మీంచి మెడ సాచి లోపలికి చూసేది.

"ఆ రాతిబల్ల మీద సెయ్యేస్తే సల్లగుంటాది కాబోలు మావా," అనేది.

"పై సంతకి నిన్ను లోపల కూకోబెట్టి తినిపిస్తానే రత్నం. ఒట్టు," అనేవాడు.

పై సంత వచ్చేది. లోపల తెలిసినవాళ్ళెవరో ఉండేవారు. పెళ్ళాన్ని ఓటేలుకి తెచ్చేడ్రా అని నవ్విపోతారని అతగాడికి సిగ్గు. ఇంకో పై సంత అనేవాడు. గణపతిరావు పోయేక బస్సులాగే చోట ఇంకో హోటలు మరిగేడు. బండి మాత్రం పాత చోటే, ఆవిడా బండిలోనే; అతను తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టేవేళయ్యేది. అలాగ ఏళ్ళు గడిచి ఆవిడే పోయింది.

పదోరోజున ఏటిగట్టు మీద పిండం పెట్టేరు. కాకి వచ్చింది... కొమ్మ మీద కూర్చుంది... దిగలేదు.

"మనిషికి ఏటి కోరికుండిపోయిందో. తీరుస్తామని నోటితో సెప్పండర్రా," అన్నారు పెద్దలు.

ఒక్కొక్కరే వచ్చి మాటిచ్చేరు. నూకరత్నం తమ్ముడు దాసు మోకాళ్ళ మీద కూలబడి, "కల్లు మానేస్తానక్కా, నువ్వు తిను," అన్నాడు. తల్లి లేని గుంటణ్ణి ఆ అక్కే పెంచి పెద్దచేసింది. కాకి దిగలేదు.

బంగార్రాజుకి తెలుసు. మాట నాలిక చివరుంది. పెళ్ళాన్ని ఓటేలుకి తీసుకెళ్తానని అంతమంది మగాళ్ళ మధ్య అనడానికి నోరు రాలేదు. చచ్చిపోయినదాని పిండం ముందు కూడా సిగ్గే అడ్డొచ్చింది, ఏం మనిషో. పొద్దెక్కిపోతోందని పిండం ఏట్లో కలిపేసి అందరూ ఇళ్ళకొచ్చేరు.

ఆనాటినుంచి దాసుకి నిద్దర్లేదు. "అక్క ఆకలితో తిరుగుతంది బావా," అంటాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోతాడు. అలాంటప్పుడు ఈ మూలబల్ల ఆడదాని కబురు వచ్చింది.

బావాబావమరుదులిద్దరూ సంతరోజున బెల్లం బండి కట్టేరు. అనకాపల్లి బెల్లం బజారుకి వెళ్ళే బళ్ళన్నీ ముందుకి పోయేక, వీళ్ళది పెరటిసందు దగ్గర ఆగింది. సంత ఎత్తేసేరు. చీకటి పడింది.

వాసన వచ్చింది.

దాసు బంగార్రాజు చెయ్యి పట్టుకున్నాడు. "నాను రాలేను బావా... నువ్వెల్లు. అక్కే అయితే... దాసు ఏడవడం లేదని సెప్పు."

బంగార్రాజు సందులోకి నడిచేడు. పెరటి తడిక తోసుకుని వెళ్ళేడు. కాళ్ళు వణుకుతున్నాయి గాని అది భయం కాదు. పెళ్ళికొడుకుగా పీటల మీద కూర్చున్ననాడు కూడా ఇలాగే వణికేయి. తలుపు సందులోంచి చూసేడు.

ఒత్తి తగ్గించిన దీపం. మూలబల్ల. ఒక ఆడది... వీపు ఇటు... తలమీద ముసుగు. ఎదర విస్తట్లోంచి పొగలు.

"రత్నం..." అన్నాడు.

దీపం ఆరిపోయింది.

చీకటి. గ్లాసొకటి దొర్లింది. ఆ తర్వాత ఊపిరి చప్పుడు కూడా లేదు. బంగార్రాజు తలుపు తోసుకుని లోపలికెళ్ళి, గుమ్మంలోనే కూలబడిపోయేడు.

"ఎల్లిపోకే... నానే. బయపడకు. పిండం కాడ సెప్పలేకపోయేను. నలుగురూ నవ్వుతారని సెప్పలేదు. అప్పుడూ అందుకే తేలేదు. నీకు మొకం సూపించడానికి సిగ్గుగా ఉంది నాకు. ఒచ్చేను కదా... ఇదిగో, నీ పక్కన కూకుంటాను. కడుపునిండా తిను. తినేసి... ఇంక తిరక్కు రత్నం. నీ తమ్ముడు నిద్దరోడం లేదు."



చీకట్లో ఎవరో వెక్కేరు. అది నూకరత్నం గొంతు కాదు.

అగ్గిపుల్ల వెలిగింది, దీపం అంటుకుంది. తెల్లచీర ముసుగు, దాని కింద ముడతలు పడ్డ మొహం... రాజ్యం. చేతిలో అట్లకాడ. ఆవిడ వెనక గోడకి అంటుకుపోయి సంతలో కూరలమ్మే ఆడవాళ్ళు, కాళ్ళ దగ్గర ఖాళీ గంపలు. మూలబల్ల దగ్గర కూర్చున్న మనిషి మొహం తిప్పింది. తోటకూర అమ్మే మంగాయమ్మ. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది, కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి.

బంగార్రాజు ఒక్కొక్క మొహమే చూసేడు. ఇంకెవరైనా ఉన్నారేమోనని దీపం వెలుగు అందని మూలకి కూడా చూసేడు. అక్కడ పిండి రుబ్బే రోలుంది.

"ఎవరితోనూ అనకు బాబూ," అంది రాజ్యం చేతులు జోడించి. "మొగుడు పోయినదాన్ని నేను హోటలు నడుపుతున్నానంటే మావాళ్ళు బతకనివ్వరు. వీళ్ళు పొద్దుటనగా వచ్చి ఎండలో కూర్చుంటారు. మగాళ్ళున్న చోట కూర్చుని తినలేరు, ఆకలితోనే ఇంటికి నడిచిపోతారు. దీపాలు పెట్టేక పెరటి తలుపు తీస్తాను. ఊరు దెయ్యమనుకుంది, మాకూ అదే మేలయింది."

చూడండి మరి. అట్టు వాసన వస్తే చచ్చినవాడు లేచేడనుకున్నారు గాని, లోపల బతికున్నదెవరో అట్టు వేస్తోందని ఊరు ఊరంతటిలో ఒక్కడికీ తట్టలేదు.

బంగార్రాజుకి ఇంకో ఆశ పుట్టింది. మోకాళ్ళ మీద ముందుకి జరిగేడు.

"మంగాయమ్మొప్పా... మా బండి ఈ సందులోనే కదా ఆగేది. రత్నం ఎప్పుడైనా... నాకు తెలీకుండా... వచ్చిందేటి? ఒక్కసారైనా ఈ బల్ల కాడ తిందేటి? సెప్పు. నాను ఏటీ అనుకోను."

మంగాయమ్మ నోట్లో ముద్ద మింగింది. రాజ్యంకేసి చూసింది. రాజ్యం తల దించుకుంది.

"పిలిచేమయ్యా," అంది మంగాయమ్మ. "వచ్చిన పెతీ సంతకీ నానే బండి కాడికెల్లి పిలిచేను. రాయే గుంటా, వేడిగా తినేసి పోదువు, ఎవులికీ తెలీదు అనీదాన్ని. గుమ్మం దాకా ఒకపాలి వచ్చింది. ఇక్కడే, నువ్వు కూకున్న కాడే నిలబడింది. బల్లల్ని సూసింది. మళ్ళీ ఎల్లిపోయింది."

"ఏటంది?"

"ఎందుకులే అయ్యా ఇప్పుడు."

"సెప్పు."

"మా మావ తీసుకొస్తానన్నాడొప్పా అంది. ఒట్టేసేడంట. ముందే నాను తినేస్తే ఆయన తెచ్చిననాడు కొత్తేటుంటాది, అంది. నవ్వుకుంటా ఎల్లి బండెక్కింది."

పెనం మీద అట్టు మాడుతోంది, ఎవరూ తియ్యలేదు.

దెయ్యమైనా ఉంటే బాగుండును. దెయ్యానికి దండం పెట్టొచ్చు, తిండి పెట్టొచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు. అక్కడ ఏమీ లేదు. బతికున్న ఆడవాళ్ళు, రాతి బల్లలు, మాడిన అట్టు. నూకరత్నం ఎక్కడా లేదు. ఆ సంగతి అప్పటికిగాని బంగార్రాజుకి పూర్తిగా తెలీలేదు.

రాజ్యం ఇంకో విస్తరి వేసి, "రా బాబూ, వేడిగా వేస్తాను," అంది.

"నాకొద్దమ్మగోరూ," అన్నాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు. "మీ సంగతి నా నోటంట రాదు. తినండి. నాను తలుపు జేరేసి పోతాను."

బయటికొచ్చి తలుపు చేరవేసేడు. లోపల పెనం మళ్ళీ చుయ్‌మంది, ఆగిపోయిన గుసగుసలు మెల్లిగా మొదలయ్యేయి. తడిక దాటి సందులోకి వచ్చేడు. మొహం తుడుచుకుందామని కండువా తీసేడు గాని, తుడుచుకోవడానికి కన్నీళ్ళు కూడా రాలేదు.

దాసు బండి చక్రాన్ని పట్టుకుని నిలబడున్నాడు.

"బావా... అక్కేనా?"

బంగార్రాజు ఆ చీకట్లో గుంటడి మొహం కనపడుతుందేమోనని చూసేడు. కనపళ్ళేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది.

"ఆఁ... అక్కే," అన్నాడు.

"తిందా?"

"తింది. కడుపునిండా తింది. నన్ను కూడా పక్కన కూకోమంది."

దాసు నేలమీద చతికిలపడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడిచేడు. ఇన్నాళ్ళకి హాయిగా, చిన్నపిల్లాడిలాగ ఏడిచేడు. తర్వాత లేచి, ఎడ్లని కాడికి కట్టి, బావని చెయ్యిచ్చి బండెక్కించేడు.

బండి కదిలింది. "ఏటి తింది బావా?" అన్నాడు దాసు. "నన్నడిగిందా? నవ్విందా? ఏ సీర కట్టుకుంది?"

అనకాపల్లి చేరేదాకా వాడు అడుగుతూనే ఉన్నాడు. బంగార్రాజు చెప్తూనే ఉన్నాడు.