పుటాసురుడి పఠనశాల

రత్నకూట రాజ్యానికి పెద్ద ఆపద వచ్చిపడింది. కొండ మీది చిత్రశాలలో గొప్ప గ్రంథాలయం ఉండేది. బొమ్మలు వేయడం నేర్చుకునేవాళ్లు అక్కడి పఠనశాలలో కూర్చుని చదువుకునేవాళ్లు. పుటాసురుడనే రాక్షసుడు దాన్ని ఆక్రమించాక, చదవబోయిన వాళ్లంతా గోడ మీద బొమ్మలైపోయారు. వాడి పేరు వింటేనే రాజుగారి సైన్యానికి దైన్యం పుట్టుకొచ్చేది!

కట్టెలు కొట్టే సింగమ్మకు ఉన్నది ఒక్క అన్న, కొమరన్న. ఆ శాలలో బొమ్మలు నేర్చుకునే అతనూ బొమ్మయ్యాడని తెలియగానే ఆమె గొడ్డలి భుజాన వేసుకుని అడవిలోకి దూకింది. దారిలో అడ్డంగా వచ్చిన ఎలుగుబంటి నిలువుగా చీలిపోయింది.

చిత్రశాల గుమ్మంలో ఇత్తడి సింహం గుర్రుమంది.

"ఏమే పిల్లా, చదవడానికొచ్చావా, చావడానికొచ్చావా?"

"ముందు నిన్ను చావబాదుతా. చదువు సంగతి తర్వాత!"

సింహం ఆమె భుజాన్ని కొరికింది. నెత్తురు కారుతున్నా సింగమ్మ వెనక్కి తగ్గలేదు. మూడు వేట్లకు సింహం తల తెగి, బిందెలా మోగుతూ మెట్ల మీంచి దొర్లిపోయింది.

లోపల పుటాసురుడు నాలుగు చేతులతో గ్రంథాలు సర్దుతున్నాడు. అరల్లో అక్కడక్కడా గ్రంథానికి బదులు చెక్కపలక ఉంది. ఎదుటి గోడ మీద చట్రంలో కొమరన్న!

"సింగీ, పారిపోవే!" బొమ్మ అరిచింది.

"నిన్నొదిలి ఎక్కడికి పోతానన్నా?" అంటూ సింగమ్మ రాక్షసుడి వైపు తిరిగింది. "ఒరే, ఈ పలకలేమిట్రా?"

పుటాసురుడు గర్వంగా మీసం దువ్వాడు. "గ్రంథం తీసినచోట పలక పెట్టాలి. అరైనా గోడైనా ఇక్కడ ఖాళీ ఉండరాదు. నేనొచ్చాక ఈ శాలలో ఒక్క సందూ లేదు!"

"అయితే తప్పించుకోడానికి నీకూ సందు దొరకదులే!" అని సింగమ్మ గొడ్డలితో వేటు వేసింది. రెండు చేతులు తెగి నేలపై గిలగిలా కొట్టుకున్నాయి. మిగిలిన రెంటితో వాడామెను ఎత్తి గోడకేసి కొట్టాడు. పక్కటెముకలు ఫటఫటలాడాయి. పడ్డచోటు నుంచే ఆమె చట్రాన్ని నరికి, అన్న చెయ్యి పట్టి బయటికి లాగేసింది.

గోడలో నల్లటి గొయ్యి నోరు తెరిచింది.

"ఖాళీ! నా గోడలో ఖాళీ!" పుటాసురుడు యుద్ధం సంగతే మరిచాడు. పలక పట్టుకుని పరుగున వచ్చి గొయ్యిలోకి వంగాడు. సింగమ్మ వెనక నుంచి రెండు కాళ్లూ నరికి, ఒక్క తోపు తోసింది. ఖాళీ నిండగానే గోడ మూసుకుంది. వాడు వెనక్కి తిరిగి బయటికి చాచిన తల పుటుక్కున తెగిపడింది.

మరుక్షణం గోడల మీద ఉన్నవాళ్లంతా మనుషులై కిందికి దూకారు.

వారసులు లేని రాజు సింగమ్మకే పట్టం కట్టాడు. కిరీటం పెట్టిన మర్నాడే కొమరన్న కొండెక్కబోయాడు.

"మళ్లీ అక్కడికేనా అన్నా?"

"ఏనుగు బొమ్మ పాఠం సగంలో ఉందే! తొండం దాకా వచ్చాను."

"ఆగు, నేనూ వస్తా. నువ్వు చదువు, నేను వింటా."

అన్న చదువుతుంటే కట్లు కట్టించుకున్న రాణి పక్కనే కూర్చుని విన్నది. తొండం దగ్గర మొదలైన పాఠం తోక దాకా హాయిగా సాగింది.