తలుపు తట్టిన గొంతు

శనివారం పొద్దున్నే అజెలిస్ నల్లగోధుమ పిండి జారుగా కలుపుకుని, పెనం మీద పల్చగా అట్లు పోస్తోంది. శనివారాలు నాన్న వచ్చి, అట్టు మీద గుడ్డు కొట్టించుకుని తిని, కాఫీ తాగి వెళ్లడం ఆమెకు పెళ్లయిన నాటి నుంచీ ఉన్న ఆనవాయితీ. ఆయన పేరు బియెల్. వయసు డెబ్భై. ఆ చుట్టుపక్కల పల్లెల్లో సగం ఇళ్లకు పలకరాళ్ల కప్పు వేసింది ఆయనే. బల్లకు అవతలి చివర అత్తగారు లియొంతీన్ అద్దాలు పెట్టుకుని పేపరు చదువుతోంది. భర్త రెమీ డెయిరీలో డ్యూటీకి వెళ్లాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆక్రమించుకున్న జర్మన్లు ఫ్రాన్స్ పడమటి కొసనున్న బ్రిటనీని వదిలిపోయి ఆ వేసవికి యాభై ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా ఊరి కమిటీ ఒక పుస్తకం వేస్తోంది. అందుకోసం పేపర్లో పాత ఫోటో ఒకటి అచ్చువేసి, ఇందులో ఎవరినైనా గుర్తుపట్టగలరా అని అడిగారు. ఏదో పెద్ద బంగళా పెరట్లో ఎనిమిది మంది కుర్రవాళ్లు, జర్మన్ యూనిఫారాల్లో, నవ్వుతూ నిలబడి ఉన్నారు. వాళ్లు జర్మన్లు కారు. బ్రిటనీకి స్వతంత్రం తెస్తామని చెప్పి జర్మన్ల పంచన చేరిన బ్రెటన్ దళం వాళ్లది. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ కాఫీ హోటల్లో గొడవే. మన భాష కోసం, ఆ భాషకు పాటుపడిన చర్చి ఫాదర్‌ని జర్మన్ల వ్యతిరేకులు చంపినందుకు కడుపు మండి చేరారని కొందరంటారు. పొరుగువాళ్లను పట్టిచ్చిన కుక్కలని కొందరంటారు.

లియొంతీన్ పేపరును బియెల్ వైపు తోసింది. ఆయన చూశాడు. ఫోర్కు పక్కన పెట్టాడు. చర్చి కప్పు మీద రాయి ఒకటి జారినట్టుంది, చూసి రావాలని లేచి వెళ్లిపోయాడు. పళ్లెంలో సగం అట్టు అలాగే ఉండిపోయింది. ఆయన తిండి వదిలి లేవడం అజెలిస్ అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

పళ్లెం తీస్తూ ఆమె ఫోటో మీదికి వంగింది. ఎడమ నుంచి మూడోవాడు. చేటల్లాంటి చెవులు, కాస్త ముందుకొచ్చిన కింది పెదవి, ఒకవైపుకు వాలిన భుజం. ఆ చెవులు నాన్నవే, ఆమె రోజూ అద్దంలో చూసుకునేవే.

అనుమానం పెనుభూతమంటారు. ఒకసారి లోపలికి వచ్చాక అది ఒక మూల ఊరికే కూర్చోదు, ఇల్లంతా తిరుగుతుంది. ఇన్నేళ్లూ మామూలుగా కనబడిన సంగతులన్నీ అజెలిస్‌కు వేరే రంగులో కనబడసాగాయి. ఊరి మధ్య, యుద్ధంలో పోయినవాళ్ల స్మారకం దగ్గర పూలు పెట్టే రోజున నాన్నకు ఏటా జ్వరమే వస్తుందెందుకు? అత్తగారి ఇంటి కప్పు ఎవరూ పిలవకముందే వచ్చి బాగుచేస్తాడెందుకు? అన్నిటికన్నా, ఊరంతటితో సొంత భాష అయిన బ్రెటన్‌లో మాట్లాడే మనిషి లియొంతీన్ ఎదుట ఫ్రెంచి తప్ప మాట్లాడడెందుకు?

అది మర్యాద అనుకుంది ఇన్నాళ్లూ. లియొంతీన్‌కు ఆ భాష వింటే పడదు. పందొమ్మిది వందల నలభై నాలుగు మార్చిలో, తెల్లవారుతుండగా, వాళ్ల పొలంలోని ఇంటి తలుపు ఎవరో తట్టారు. "తలుపు తియ్యి చెల్లీ, మేం మనవాళ్లమే" అని చక్కటి బ్రెటన్‌లో అన్నారు. పదిహేడేళ్ల లియొంతీన్ గడియ తీసింది. అటక మీద దాక్కున్న, జర్మన్ల మీద పోరాడుతున్న కుర్రాళ్లు నలుగురినీ, వాళ్లకు చోటిచ్చిన ఆమె అన్న తూదీనీ పట్టుకుపోయారు. పది రోజుల తర్వాత తూదీ శవం అడవిలో గోతిలో దొరికింది. ఆనాటి నుంచి లియొంతీన్ నోట బ్రెటన్ మాట రాలేదు. ప్రార్థన కూడా ఫ్రెంచిలోనే చేసుకుంటుంది.

సోమవారం అజెలిస్ నాన్న ఇంటికి వెళ్లి, ఆ ఏడాది వసంతంలో ఎక్కడున్నావని మాటల మధ్యలో అడిగింది. కెంపేర్ పట్నంలో కప్పుల పని చేశానన్నాడు. గురువారం మళ్లీ అడిగితే, జర్మన్లు కుర్రాళ్లను బలవంతంగా ఫ్యాక్టరీలకు తోలుతున్నారని అడవిలో దాక్కున్నానన్నాడు. ఒకే మనిషి, ఒకే వసంతం, రెండు జవాబులు. రెండోసారి ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు కూడా. రెమీకి చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తూదీ అతనికి మేనమామ.

శుక్రవారం ఆమె ఉల్లికాడలు తరుగుతుంటే వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది. ఆ ఫోటోను కత్తిరించి తన ప్రార్థన పుస్తకంలో పెట్టుకుందట.

"మీ నాన్న నాతో ఒక్కసారైనా బ్రెటన్‌లో మాట్లాడలేదు. నువ్వెప్పుడైనా గమనించావా?"

"మీకిష్టం ఉండదని కదా అత్తయ్యా."

"నాకిష్టం లేదని చెప్పకముందు నుంచీ అంతే. మీ పెళ్లి మాటలు జరిగిన రోజు నుంచీ. రేపు ఆయన్ని తప్పకుండా రమ్మని చెప్పు."

ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. రెమీ ఏమైందని అడిగితే తలనొప్పి అంది. నాన్నకు ఫోన్ చేసి రావద్దని చెబుదామని రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చుంది. తప్పు చేయని మనిషైతే భయం దేనికి? చేసిన మనిషైతే తను దాచిపెట్టడమేమిటి?

శనివారం బియెల్ వచ్చాడు. గడ్డం గీసుకుని, ఆదివారం కోటు తొడుక్కుని వచ్చాడు. అజెలిస్ పొయ్యి వెలిగించలేదు. లియొంతీన్ ఫోటో ముక్కను బల్ల మీద పెట్టి, దాని మీద అరచేయి ఆనించింది.

"అన్నయ్యగారూ, ఒక మాట బ్రెటన్‌లో చెప్పండి. తలుపు తియ్యి చెల్లీ, మేం మనవాళ్లమే. అంతే."

"వద్దు నాన్నా," అంది అజెలిస్. తనకు తెలియకుండానే అనేసింది.

బియెల్ కూతురి వంక చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు, అలసట ఉంది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, నెమ్మదిగా ఆ మాట చెప్పాడు. లియొంతీన్ కళ్లు మూసుకుంది.

"అదే గొంతు," అంది.

"నువ్వేనా నాన్నా?" అంది అజెలిస్. "ఫోటోలో ఉన్నది నువ్వేనా?"

"నేను కాదమ్మా. మీ పెదనాన్న మాటిలిన్. మా ఇద్దరిదీ ఒకటే గొంతు. అమ్మ కూడా గోడవతల నుంచి వింటే ఒకరనుకుని ఇంకొకరిని పిలిచేది."

మాటిలిన్ బాంబుదాడిలో పోయాడని ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. అది అబద్ధమన్నాడు బియెల్. జర్మన్లతో పాటు పారిపోయి, చివరికి ఐర్లండు చేరి, అక్కడ సైకిళ్లు బాగుచేసుకుంటూ బతికి, డెబ్భై ఒకటిలో మంచాన పడి పోయాడట. రెండు ఉత్తరాలు రాశాడట. బియెల్ జవాబివ్వలేదట.

అజెలిస్ గుండె తేలికపడింది. ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే కుర్చీలో కూలబడింది. బియెల్ చేయెత్తాడు.

"ఆగమ్మా. అయిపోలేదు. అప్పుడు నాకు ఇరవై. చెల్లెమ్మా, ఆ ఫిబ్రవరిలో మీ పశువుల కొట్టం కప్పు వేసింది మా మేస్త్రీ, నేనూ. మీకు గుర్తుండదు. మీ అమ్మ మాకు సూప్ పోసింది. ముగ్గురున్న ఇంట్లో ఏడు గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఇంటికెళ్లి భోజనం దగ్గర ఆ సంగతి నవ్వుతూ చెప్పాను. మాటిలిన్ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. ఒక్క మాట అడగలేదు. సూప్ తాగుతూ విన్నాడు. మూడు వారాలకు మీ తలుపు తట్టారు."



"అతను ఆ దళంలో ఉన్నాడని మీకు తెలుసా?" అంది లియొంతీన్.

"తెలియదని యాభై ఏళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. కానీ వాడి కాళ్లకు కొత్త బూట్లున్నాయి. జర్మన్ సోల్జర్ల బూట్లు. అవి చూసి కూడా నోరు మూసుకోలేదు నేను."

లియొంతీన్ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. అజెలిస్‌కు ఎవరి దగ్గర ఉండాలో తోచలేదు. నాన్న తల వంచుకుని టోపీ అంచును తడుముతున్నాడు. ఆయన భుజం మీద చేయి వేయబోయి వెనక్కి తీసుకుంది. ఏడు గిన్నెలు కళ్ల ముందు బోర్లించి ఉన్నట్టే ఉన్నాయి. ఆఖరికి అత్తగారి వెనకే వెళ్లింది.

లియొంతీన్ క్యాబేజీ మడి దగ్గర నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"మా అమ్మ మెట్ల మీద నుంచి గట్టిగా చెప్పింది, తియ్యకే అని. ఈ ముక్క నేనెవరికీ చెప్పలేదు. రెమీ నాన్నకు కూడా. మన భాషలో అంత మర్యాదగా పిలిచినవాడు మనల్నేం చేస్తాడులే అనుకున్నాను. తీశాను. ఆ గొంతు వినబడితే చంపేస్తానని ఇన్నేళ్లూ ఎదురుచూశాను. ఎవరినే నేను చంపాలనుకున్నది?"

అజెలిస్ ఆమెను దగ్గరికి తీసుకుంది. అప్పుడు మొదలైంది ఏడుపు. ఆ ఇంట్లో పాతికేళ్లుగా కాపురం చేస్తున్న అజెలిస్ అత్తగారు ఏడవగా చూడడం అదే మొదటిసారి.

కాసేపటికి లియొంతీన్ ముఖం కడుక్కుని లోపలికి వచ్చి, బియెల్‌కు ఎదురుగా కూర్చుంది.

"మీరు నోరు జారారు. నేను గడియ తీశాను. వీటికి పైవాడి దగ్గర ఏం జవాబు చెప్పుకోవాలో మనమే చెప్పుకుందాం. కానీ తూదీని గోతి దాకా నడిపించింది మీరూ కాదు, నేనూ కాదు. ఆ ఫోటో కింద మీ అన్న పేరు రాయించండి. నేను కోరేది అదే."

"రాయిస్తాను చెల్లెమ్మా."

సోమవారం ముగ్గురూ ఊరి ఆఫీసుకు వెళ్లారు. రెమీకి ఆదివారమే చెప్పారు. అతను, మీరు వెళ్లిరండి, నాకు కొంచెం టైము ఇవ్వండి అన్నాడు. కమిటీ పని చూసే టీచరు విన్నదంతా రాసుకుని, పెన్ను ఆపి, ఇది అచ్చయితే ఊళ్లో మళ్లీ గొడవలు రేగుతాయేమో, వాళ్లను దేశభక్తులనేవాళ్లు కూడా ఉన్నారు కదా అని నసిగాడు.

"దేశభక్తుడో ద్రోహో వాళ్లు తేల్చుకోనీండి," అన్నాడు బియెల్. "మాటిలిన్ ఆ పొద్దున ఆ ఇంటికి వెళ్లాడు. మనవాళ్లమే అన్నాడు. అది రాయండి. ఏడు గిన్నెల సంగతీ రాయండి. చెప్పింది నేనని నా పేరుతో రాయండి."

గడియ తీసింది ఎవరో కూడా రాయమంది లియొంతీన్. టీచరు తలెత్తకుండా రాసుకున్నాడు.

బయటికి వచ్చాక లియొంతీన్ ముందు నడిచింది. అజెలిస్ నాన్నను మెట్ల దగ్గర ఆపింది. వారం రోజులుగా గొంతులో అడ్డుపడి ఉన్న మాట అప్పటికి బయటపడింది.

"నాన్నా, నువ్వేననుకున్నాను. వారమంతా అదే అనుకున్నాను."

"అనుమానం వచ్చింది, వారంలో అడిగేశావు. నాకూ ఆ రోజు బూట్లు చూసి అనుమానం వచ్చింది. నేను అడగలేదు. మనిద్దరిలో ఎవరిని క్షమించాలంటావు తల్లీ?"

ఆయన ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని అజెలిస్ వెక్కి వెక్కి ఏడ్చింది. అవతల లియొంతీన్ శ్మశానం గేటు తెరిచి, వాళ్లు వచ్చేదాకా దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. తూదీ సమాధి ఎక్కడుందో బియెల్‌కు తెలియదు. ఆమె చూపించాలి.