ఉడకని గింజలు

తెల్లారగానే షెడ్డులో గుడ్లు ఏరడం పెద్దావిడ పని. ఆ పూట గంప అడుగు కూడా నిండలేదు. కొన్నాళ్లుగా ఇదే వరస. కోళ్లు తొట్టి దగ్గరకొస్తాయి, గింజని ముక్కుతో అటూ ఇటూ నెడతాయి, అలిగిన అల్లుళ్లలా పక్కకు తిరిగిపోతాయి.

కొడుకు గంపలోకి తొంగి చూశాడు. కోపమంతా పెళ్లాం మీదకు మళ్లింది.

"చూశావా నీ తెలివి! సోయా చెక్క మేత మానేసి చిక్కుడు గింజలు పెడదామన్నావు. ముదిరిపోయాయని జనం పారేసేవి కోళ్లు మాత్రం ఎందుకు తింటాయి?"

కోడలు చీపురు పక్కన పెట్టింది. "గింజకేం లోపం లేదండీ. చెక్క ధర మండిపోతోందనే కదా ఈ దారి పట్టాం? మొదట్లో బాగానే తిన్నాయి, గుడ్లూ తగ్గలేదు."

"మొదట్లో అందరూ బాగానే ఉంటారు."

"అవును, పెళ్లైన కొత్తలో మీలాగే."

పెద్దావిడకి నవ్వొచ్చింది గానీ, కొడుకు మొహం చూసి మింగేసింది.

"నవ్వులాట కాదు. వ్యాపారిని రమ్మన్నాను. కోళ్లన్నీ పట్టుకుపోతాడు. షెడ్డు మూసేసి నేను మళ్లీ లారీ ఎక్కుతాను."

పెద్దావిడ గంప కింద పెట్టేసింది. లారీ ఎక్కితే వీడు ఎప్పుడో చుట్టంలా వచ్చిపోతాడు. ఇంటిపట్టున ఉంటాడనే కదా ఈ షెడ్డు పెట్టించింది!

కోడలు తొట్టిలో చెయ్యి పెట్టి, ఓ గింజ తీసి రెండు వేళ్ల మధ్య నొక్కింది. నలగలేదు. గోటితో గిల్లింది. రాయిలా ఉంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. తలెత్తి అత్తగారి వైపు ఒక్క చూపు చూసి, మళ్లీ దించేసుకుంది.

పట్టుబడ్డానని పెద్దావిడకి అర్థమైంది. గింజలు నానబెట్టాలి, మెత్తగా ఉడికించాలి, ఆ నీళ్లు వార్చి పారబోయాలి, ఆరబెట్టి తవుడులో కలపాలి. పచ్చివి కోడి ఒంటికి పడవు. ఇదంతా కోడలు చెప్పిందే. నడుం పట్టేసి ఆ పిల్ల పడుకున్నప్పుడు పొయ్యి పని తను అందుకుంది. 'రాళ్లు మింగి అరిగించుకునే కోడికి వంటొకటా, విడ్డూరం!' అనుకుని, ఒక పొంగు రాగానే దించేసింది. పుల్లలు మిగిలాయని మురిసిపోయింది కూడా.

"మాట్లాడవేం?" కొడుకు గద్దించాడు.

"ఉడకడం తక్కువైంది," అంది కోడలు నిదానంగా. "సరిచేస్తాను. మళ్లీ పెడతాయి."

"ఉడికించేది నువ్వే కదా? అంటే తప్పు నీదే!"

"నాదే అనుకోండి."

పెద్దావిడ కళ్లు చెమర్చాయి. ఒక్క మాట చాలు తనని ఇరికించడానికి. ఆ మాట అనకుండా తిట్లు తింటూ నిలబడింది ఈ పిల్ల.

బయట వ్యాను ఆగింది. వ్యాపారి ఖాళీ బుట్టలు దించుతున్నాడు. పెద్దావిడ గబగబా వెళ్లి గేటుకి అడ్డంగా నిలబడింది.

"ఆ బుట్టలు మళ్లీ ఎక్కించు నాయనా."

"మీ అబ్బాయే రమ్మన్నాడమ్మా. గుడ్లు పెట్టని కోళ్లని మేపడం దండగ కదా!"

"దండగ కోళ్లు కాదు, వండిన చెయ్యి. అది నాది." కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, దాన్నేం అనకు. అది నడుం నొప్పితో పడుకుంటే పొయ్యి నేను తీసుకున్నాను. అది చెప్పినట్టు చెయ్యకుండా పచ్చి గింజలే పడేశాను. దానికి తెలిసిపోయింది. అయినా నా పేరెత్తలేదు, చూశావా?"

కొడుకు పెళ్లాం వైపు చూశాడు. "చెప్పొచ్చు కదే," అన్నాడు గొంతు తగ్గించి.

"అమ్మ మీద చెబితే నమ్మేవారా మీరు?"

 అతను వెళ్లి, బుట్టలు ఒక్కొక్కటే వ్యానులోకి అందించడం మొదలుపెట్టాడు.

పెద్దావిడ చెంగు నడుముకి దోపుకుని, ఎసరు పెట్టి పొయ్యి ముట్టించబోయింది.

"మీరు లేవండత్తయ్యా, నేను చూసుకుంటాను."

"లేస్తే నాకెలా వస్తుందే? దగ్గరుండి నేర్పు. ఎక్కడ తప్పితే అక్కడ తిట్టు."

కోడలు ఓ పీట తెచ్చి అత్తగారికి వేసింది. ఇంకోటి తెచ్చి, దానికి ఆనించి వేసుకుని కూర్చుంది.

"తిట్టకుండా వదులుతానా?" అంది, కళ్లు తుడుచుకుంటూ. "ముందు ఎసట్లో నీళ్లు సగమే పోశారు, చూసుకోండి."