షెడ్డులో దొరికిన హద్దు

తోమా ఆ రోజు అన్న మాటను రెబ్కా బతికున్నన్నాళ్ళూ మరచిపోదు. మరచిపోవాలని కూడా ఆమెకు లేదు. సొంత తమ్ముడు, రెబ్కా భర్త ప్రేమదాసు పదకొండేళ్ళు గుంటూరులో ఇంకొకరి షాపులో ఇంజన్ల మురికి కడిగి, చివరికి ఇంటి పక్కనే సొంత షెడ్డు కట్టుకుంటుంటే, అన్న అన్నవాడు వచ్చి ఒక ఇటుక అందించాలి. తోమా కొలత తాడు పట్టుకొచ్చాడు! గోడలు లేచి రేకులు ఎక్కించడమే తరువాయిగా ఉన్న రోజున, మేస్త్రీల ముందు, ఊరి పెద్దల ముందు నిలబడి, "ఇది దొంగ గోడరా. నా స్థలంలోకి మూడడుగులు వచ్చింది. నీకేం తెలుసులే, ఇదంతా నీ పెళ్ళాం పని" అన్నాడు.

ప్రేమదాసు తల వంచుకున్నాడు. అన్న ఎదుట ఆ మనిషి ఏనాడూ అంతే. రెబ్కాయే ఇసక తట్ట దించి ముందుకొచ్చింది.

"మన హద్దు మునగచెట్టు బావగారూ. గోడ దానికి ఇవతలే ఉంది."

"మా అమ్మ పెట్టిన చెట్టు ఇంకా ఇటుండేది. కాళ్ళొచ్చి నడిచిందా?"

"డెబ్బై ఏడు గాలివానకి అది కూలిపోతే, దాని కొమ్మే తీసి మళ్ళీ నాటాను. నా చేత్తో నాటాను."

"అదేగా నేననేది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు రెబ్కా గుండెలో ముల్లులా దిగబడింది...

అత్తగారు పోయేముందు కొడుకులిద్దరికీ స్థలం పంచి, ఆ చెట్టు మొదట్లో కుండెడు బొగ్గులు పాతించింది. బొగ్గు చివికిపోదు, చెద పట్టదు. అందుకే ఆ ఊళ్ళో హద్దుకి అదే సాక్ష్యం. ఆ ధీమాతోనే రెబ్కా అంది: "తవ్వండి. బొగ్గులు నా గోడకి లోపలివైపు దొరికితే, ఈ గోడ నేనే పడగొడతాను."

చెట్టు మొదట్లో నడుంలోతు తవ్వారు. ఒక్క బొగ్గు ముక్క లేదు. గాలివాన నీళ్ళకి కొట్టుకుపోయి ఉంటాయని, ఉన్న చెట్టునే హద్దుగా ఒప్పుకోమని పెద్దలు తేల్చేశారు. తోమా తాడు చుట్టుకుంటూ, "గురువారం ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నారుగా. దేవుడికి కూడా ఈ లెక్కే చెప్పండి" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ప్రేమదాసు సుద్దముక్కతో నేలమీద గీతలు గీశాడు. తోమా వైపున్న తూర్పు గోడ పక్కన ఇనుము చెక్కే లేతు మిషను, దాని ముందు సామాను బిగించి పట్టే వైసు. మిషను ఎప్పటికి కొంటాడో తెలియదు, చోటు మాత్రం చూసిపెట్టుకున్నాడు. పదకొండేళ్ళ ఆశ ఆ నాలుగు గీతల్లో ఉంది. వైసు బిగించే దుంగ కోసం రెబ్కా గునపం వేసింది. రెండడుగుల లోతున కుండ పెంకు ఖణేల్‌మంది. దాని కింద... నల్లగా, పొడిగా, నిన్న పాతినట్టున్న బొగ్గులు.

రెబ్కాకి అప్పుడు గుర్తొచ్చింది. గాలివాన తర్వాత పాత గోతిలో మోకాటి లోతు నీళ్ళు నిలిస్తే, కొమ్మ కుళ్ళిపోతుందని మూడడుగులు అవతలగా, తోమా వైపు మెరకమీద గుచ్చింది. తొమ్మిదేళ్ళలో ఆ మాటే మరచిపోయింది.

"కప్పెయ్యి రెబ్కా," అన్నాడు ప్రేమదాసు. "మనిద్దరమే చూశాం. మళ్ళీ నేను గుంటూరు వెళ్ళలేను."

"వెళ్ళొద్దు. ఆయన నన్ను దొంగన్నాడు. ఇవి కప్పెడితే ఆ మాట నిజమవుతుందండీ."

కళ్ళు తుడుచుకుని, బొగ్గులు తట్టకెత్తుకుని వెళ్ళి తోమా వాకిట్లో గుమ్మరించింది. "మీ మాటే నిజం బావగారూ. నా మాట కూడా నిలబెట్టుకుంటున్నా" అని వెనక్కి తిరిగింది. ఆ సాయంత్రానికే తూర్పు గోడ కూలింది. మూడు రోజులు ఇద్దరూ కూలీలు లేకుండా కష్టపడి, అవే ఇటుకలతో మూడడుగులు లోపలికి గోడ లేపి, రేకులు కప్పారు. సుద్దముక్కతో గీసిన లేతు మిషను గోడ అవతల, తోమా నేలలో ఉండిపోయింది...

గురువారం ప్రార్థన ఆగలేదు. పాస్టరు ఇమ్మానియేలు అయ్యగారు తలుపు తెరిచి, లోపలికి చూసి, "ఇరుకైందేమ్మా" అన్నారు.

"గోడ మాత్రం మాదే అయ్యగారూ," అంది రెబ్కా.

ఆ ఏడు పత్తికి పురుగు పట్టింది. మందు కొట్టే పంపులు రిపేరుకి షెడ్డు ముందు బారులు తీరాయి. ఒకనాడు తోమా కూడా తన పంపు మోసుకొచ్చాడు.

"అడిగుంటే ఆ మూడడుగులూ నేనే వదిలేసేవాణ్ణి గదమ్మాయ్."

"అడక్కూడదనే పడగొట్టాను."

"సరేలే. పంపు చూడరా తమ్ముడూ, చేలో కూలీలు ఆగిపోయారు."

ప్రేమదాసు తల ఎత్తాడు. మొదటిసారి అన్న కళ్ళలోకి సూటిగా చూశాడు. "వరసలో పెట్టు అన్నయ్యా. నీ ముందు నలుగురున్నారు. ఆ మూడడుగుల్లో నా లేతు మిషను ఉండాల్సింది. అయినా అది వదులుకున్న నా భార్య చూస్తుండగా నీ ముందు నేను తల దించుకోను."

రెబ్కా మొహం పక్కకి తిప్పుకుంది. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఆపాలని కూడా ఆమె అనుకోలేదు.

తోమా ఆ నేలకి ముళ్ళకంప వేశాడు. అందులో ఏమీ కట్టలేదు, ఏమీ నాటలేదు. మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. పోయింది సరిగ్గా పది గజాలు.